జైలు మానసిక నిపుణుడి ఖాళీ పోస్టు గారికి

మహారాజశ్రీ ఖాళీ పోస్టు గారికి నమస్కరించి రాయునది,

ఉభయకుశలోపరి అనడం మర్యాద గనుక అంటున్నాను. మీ కుశలానికి ఏం లోటు? మంజూరైన నాటి నుంచీ మీకు జలుబైనా చేయలేదు.

2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు, అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్లు. అయిదు వందల మందికి ఒక కౌన్సిలర్ ఉండాలని 2016 నాటి నమూనా జైలు మాన్యువల్ కోరింది. రాష్ట్రాల న్యాయవ్యవస్థలను తూచే 2025 ఇండియా జస్టిస్ రిపోర్టు వెతికితే దేశం మొత్తం జైళ్లలో దొరికిన మానసిక నిపుణులు 25 మంది. తలకు దాదాపు 23 వేల మంది అన్నమాట. రోజుకు నలభై మందిని చూసినా, ఆదివారం సెలవు కూడా వదులుకున్నా, ఒక చుట్టు తిరిగి రావడానికి ఏడాదిన్నర పడుతుంది. 2022లోనే జైళ్లలో 119 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లు వరుసలో అంతసేపు నిలబడలేకపోయారు.

మీ పక్క బీరువాలోనే మీ చెల్లెలు ఉంటుంది, మూడు నెలల నివేదిక. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 103వ సెక్షన్ రాష్ట్రానికి కనీసం ఒక జైలులో మానసిక చికిత్సా కేంద్రం పెట్టమంది. తమ జైలులో మానసిక రోగులు లేరని వైద్యాధికారి మూడు నెలలకోసారి ధ్రువీకరించి మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు పంపాలని కూడా అదే సెక్షన్ అంది. ఎంతమంది ఉన్నారో చెప్పమనలేదు, లేరని చెప్పమంది. రోగిని తగిన చోటికి చేర్చాకే అలా రాయాలన్నది చట్టం మనసులో మాట కావచ్చు. కానీ సంతకానికి అంత దూరం నడవవలసిన పని లేదు. రోగులే లేనిచోట నిపుణుడికి జీతం ఎందుకని ఆర్థిక శాఖ అడిగితే, నిపుణుడే లేనిచోట రోగి ఎలా కనబడతాడని మీరు అడగరు. ఎంత పొందికైన కుటుంబం!

నిధుల మాటెత్తితే జైళ్లు రాష్ట్రాల జాబితాలోవని ఢిల్లీ గుర్తుచేస్తుంది. ప్రహరీ ఎత్తు పెంచడానికైతే పైకం పుడుతుంది, గోడకు శిలాఫలకం పెట్టుకోవచ్చు. ఒకడికి రాత్రి నిద్రపట్టిందని రిబ్బను ఎక్కడ కత్తిరిస్తారు? ఫోనులో మానసిక సలహా ఇవ్వడానికి 2022 అక్టోబరులో వచ్చిన ప్రభుత్వ టెలీమానస్ 14416 నంబరు రోజంతా పలుకుతుంది, నిజమే. బ్యారక్‌లో సెల్‌ఫోను దొరికితే మాత్రం అది ఇంకో కేసు.

మా పెదనాన్న కొడుకు రిమాండులో ఉండగా ములాఖత్‌కు వెళ్లాను. జాలీకి అటూ ఇటూ అందరూ ఒకేసారి అరుస్తున్నారు. వాడు అరవడం లేదు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని, జాలీ కన్నాలను చూపుడు వేలితో లెక్కపెడుతున్నాడు. నిద్రపోతున్నావా అంటే "లైటు ఆర్పరన్నా" అని మళ్లీ మొదటి కన్నం నుంచి మొదలుపెట్టాడు. వార్డరును బతిమాలాను. "కొత్తవాళ్లంతా ఇంతే సార్, నెలకు అలవాటైపోతుంది" అన్నాడు. చెడ్డవాడేమీ కాదు, కొత్తవాళ్లను చాలామందిని చూసినవాడు. పెద్దాసుపత్రికి రాసిచ్చారు గానీ ఎస్కార్టు పోలీసులు దొరకలేదు. ఆ వారం ఊళ్లో ఎవరిదో సభ, అందరూ బందోబస్తులో ఉన్నారు.

వాడిని కాపాడింది పక్క చాప మీద పడుకునే ముసలాయన. దొంగతనం కేసు. మావాడి చొక్కా అంచును తన వేలికి చుట్టుకుని పడుకునేవాడట, వాడు లేస్తే తనకు మెలకువ వస్తుందని. ఇరవై మూడు రాత్రులు. అది మీ డ్యూటీ, ఆయన జీతభత్యాలు లేకుండా చేశాడు.

మావాడు బయటికి వచ్చాడు. ముసలాయనకూ బెయిలు మంజూరైందట, జామీను నిలబడే దిక్కు లేక లోపలే ఉన్నాడు. కనుక ప్రస్తుతానికి ఆ బ్యారక్‌లో పని నడుస్తోంది. మీరు కంగారుపడి భర్తీ కానక్కరలేదు.

ఇట్లు,
ములాఖత్ వరుసలో ఒకడు