కెమెరాతో పాటు నర్సుకు జీతమూ ఇవ్వాలి

అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని కెర్మిట్ అనే ఊళ్లో ఉండేది సుమారు 400 మంది. అక్కడి ఒక మందుల షాపుకు రెండేళ్లలో దాదాపు 90 లక్షల హైడ్రోకోడోన్ అనే మత్తెక్కించే నొప్పి మాత్రలు సరఫరా అయ్యాయి. ఈ లెక్కలను 2016లో బయటపెట్టింది చార్ల్‌స్టన్ గెజెట్-మెయిల్ విలేకరి ఎరిక్ ఐర్. ఆరేళ్లలో ఆ చిన్న రాష్ట్రానికి 78 కోట్ల నొప్పి మాత్రలు వెళ్లాయని, పసిపిల్లలతో సహా తలకు 433 చొప్పున పడ్డాయని ఆయన రాశారు. ఆ మాత్రలు మోతాదు మించి అదే కాలంలో 1,728 మంది చనిపోయారు. మరుసటి ఏడాది ఆయనకు పులిట్జర్ బహుమతి వచ్చింది. అపలేచియన్ కొండల్లోని మారుమూల ఊళ్లకు అన్ని మాత్రలు చేరడానికి దూరం ఎన్నడూ అడ్డు రాలేదు. ఆ మాత్రల నుంచి బయటపడేసే వైద్యం చేరాల్సి వచ్చినప్పుడే దూరం గుర్తుకొచ్చింది.

ఆ దూరాన్ని తగ్గించడానికి అమెరికా ప్రభుత్వం దగ్గర ఒక పథకం ఉంది. నడిపేది ఆరోగ్య శాఖ కాదు, వ్యవసాయ శాఖ. 1990 నాటి వ్యవసాయ చట్టంతో పుట్టిన దూరవిద్య, టెలిమెడిసిన్ (దూరం నుంచి వీడియోలో చేసే వైద్యం) గ్రాంట్ల పథకం అది. పల్లె బడులకు, ఆస్పత్రులకు వీడియో పరికరాలు, కనెక్షన్లు సమకూర్చడం దాని పని. 2016లో అప్పటి వ్యవసాయ మంత్రి టామ్ విల్సాక్ వర్జీనియాలోని అబింగ్డన్‌లో జనంతో సమావేశమై, కెంటకీ, టెన్నెసీ, వర్జీనియా పల్లెల్లో ఐదు ప్రాజెక్టులకు సుమారు 14 లక్షల డాలర్లు ప్రకటించారు. తనను పెంచిన తల్లి మద్యానికి, డాక్టర్లు రాసిచ్చిన మందులకు బానిసైందని ఆయనే బహిరంగంగా చెప్పుకున్న మనిషి. 2018 వ్యవసాయ చట్టం మరో అడుగు వేసింది. ఈ పథకం నిధుల్లో కనీసం 20 శాతాన్ని మత్తు వ్యసన చికిత్స కోసం పెట్టే టెలిమెడిసిన్‌కు కేటాయించమంది.

ఈ నిధులు కొనసాగాలి, పెరగాలి. అందులో మాకు సందేహం లేదు. అయితే ఈ డబ్బు దేనికి ఖర్చు పెట్టొచ్చు, దేనికి పెట్టకూడదు అన్న నిబంధన దగ్గరే మా అభ్యంతరం ఉంది. ఈ గ్రాంటుతో కెమెరా కొనొచ్చు, తెర కొనొచ్చు, కేబుల్ వేయొచ్చు. జీతాలు మాత్రం ఇవ్వకూడదు. తెరకు అవతల డాక్టరు ఉంటాడు. ఇవతల పేషెంటు చెయ్యి పట్టుకుని బీపీ చూసి, మూత్రపరీక్ష చేసి, రెండో వారం రాకపోతే ఫోన్ చేసి ఏమైందని అడిగే మనిషి ఎవరు? ఆ మనిషికి ఈ పద్దులో చోటు లేదు.

పల్లెల్లోనే ఈ వ్యసనం ఇంతగా ఎందుకు పాతుకుపోయింది? బొగ్గు గనులు, కలప కోత, పొలం పని. నడుములు విరిగే పనులన్నీ అక్కడే. నొప్పికి డాక్టరు మాత్ర రాశాడు. 1996లో మార్కెట్‌లోకి వచ్చిన ఆక్సికాంటిన్ మాత్రకు అలవాటు పడే ముప్పు తక్కువని తయారీ సంస్థ పర్డ్యూ ఫార్మా డాక్టర్లకు నూరిపోసింది. అది తప్పుదోవ పట్టించే ప్రచారమని 2007లో కోర్టులో ఒప్పుకుని 60 కోట్ల డాలర్లకు పైగా కట్టింది. 2010లో ఆ మాత్రను నలిపి పీల్చడానికి వీల్లేకుండా మార్చారు. అప్పటికే శరీరం దానికి లొంగిపోయినవాళ్లలో చాలామంది హెరాయిన్ వైపు మళ్లారు, ఆ తర్వాత అంతకన్నా ఎన్నో రెట్లు ఘాటైన ఫెంటానిల్ వచ్చింది. సరుకును ఆపినవాళ్లు చికిత్సను సిద్ధం చేయలేదు. ఇండియానాలోని ఆస్టిన్ అనే నాలుగు వేల చిల్లర జనాభా ఉన్న ఊళ్లో మాత్రలను కరిగించి ఒకే సూదితో పంచుకున్న పాపానికి 2015లో 180 మందికి పైగా హెచ్‌ఐవీ సోకింది. సూదుల వల్ల ఇన్ని కేసులు రావడం మహానగరాల్లో కూడా అరుదు.

చికిత్స లేదా అంటే ఉంది. మెథడోన్ ఉంది, బ్యుప్రెనార్ఫిన్ ఉంది. ఇవి ఆ మత్తుమందు మెదడులో అతుక్కునే చోటనే అతుక్కుని, ఒళ్లు విరుపులు, వాంతులు, వణుకు, నిద్ర పట్టని రాత్రులు లేకుండా చేస్తాయి. చావు ముప్పును దాదాపు సగానికి తగ్గిస్తాయి. కానీ మెథడోన్‌ను ప్రత్యేక కేంద్రాల్లోనే ఇస్తారు. 2020కి ముందు చికిత్స మొదట్లో ఆదివారం తప్ప దాదాపు రోజూ అక్కడికెళ్లి నర్సు ఎదురుగా మింగాల్సిందే. రానూపోనూ రెండు మూడు గంటలు కారు నడపాల్సిన మనిషికి ఉద్యోగం నిలుస్తుందా? కారే లేని మనిషి సంగతేమిటి? పైగా చిన్న ఊరు. క్లినిక్ ముందు ఎవరి బండి ఆగిందో సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. చర్చిలో చూపులు మారతాయి. చాలామంది వైద్యానికి వెళ్లకపోవడానికి మైళ్లెంత కారణమో ఈ నామోషీ కూడా అంతే కారణం.

టెలిమెడిసిన్ ఇక్కడే అక్కరకొస్తుంది. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం వైద్యులు చేసిన పని చూడండి. బాల్టిమోర్‌లో కూర్చున్న వ్యసన చికిత్స నిపుణులు, ఒక పల్లె చికిత్స కేంద్రంలో ఉన్న 177 మందికి వీడియోలోనే చూసి బ్యుప్రెనార్ఫిన్ రాశారు. మూడు నెలల తర్వాత కూడా సగానికి పైగా చికిత్సలో నిలబడ్డారు. ఈ వ్యసనంలో అది మంచి ఫలితం. తర్వాత కరోలైన్ కౌంటీలో ఒక పెద్ద క్యాంపర్ వాహనాన్నే క్లినిక్‌గా మార్చారు. అది ఊరిదాకా వస్తుంది. లోపల ఒక చిన్న గది, గోడకు తెర, తెరలో డాక్టరు. మూత్రపరీక్షకు లోపలే బాత్రూం. ఒక నర్సు. పక్కన, ఒకప్పుడు తానూ ఈ ఊబిలో పడి బయటికొచ్చిన ఒక సహాయకుడు లేదా సహాయకురాలు. ఈ వాహనంలో తెర ఖరీదు అన్నిటికన్నా తక్కువ. నడిపించేది ఆ నర్సు, ఆ సహాయకుడు. వాళ్లు లేని రోజు అది ఖాళీ బండి.

టెలిమెడిసిన్ గురించి అందరూ మాట్లాడతారు. దాని పక్కనే ఉన్న దూరవిద్య అన్న మాటను ఎవరూ పట్టించుకోరు. మా దృష్టిలో అసలు బలం అక్కడుంది. న్యూమెక్సికోలో లివర్ వైద్యుడు సంజీవ్ అరోరా దగ్గర హెపటైటిస్-సి రోగులు ఎనిమిది నెలలు ఎదురు చూడాల్సి వచ్చేది. వందల మైళ్ల నుంచి వచ్చేవాళ్లు. ఆయన 2003లో ప్రాజెక్ట్ ఎకో మొదలుపెట్టారు. రోగులను తాను పనిచేసే ఆల్బుకెర్కీ నగరానికి రప్పించడం మానేసి, పల్లె డాక్టర్లనే వారం వారం వీడియోలో కూర్చోబెట్టారు. ఒక్కొక్కరూ తమ పేషెంటు కేసు చెప్తారు, నిపుణులు సలహా ఇస్తారు, మిగతావాళ్లు వింటూ నేర్చుకుంటారు. ఆ పల్లె డాక్టర్ల చేతుల్లో రోగులు విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో కోలుకున్నంతగానే కోలుకున్నారని 2011లో వచ్చిన అధ్యయనం తేల్చింది. అదే పద్ధతిని వ్యసన చికిత్సకూ వాడుతున్నారు. వీడియోలో ఒక నిపుణుడు రోజుకు పదిహేను ఇరవై మందిని చూడగలడేమో. అదే నిపుణుడు ఇరవై మంది పల్లె డాక్టర్లకు నేర్పితే వాళ్లు ఏళ్ల తరబడి అక్కడే ఉండి చూస్తారు. కరెంటు పోయినా, నెట్ పోయినా ఆ విద్య పోదు.

నేర్పడం ఎంత అవసరమో 2022 చివర్లో తీసుకున్న ఒక నిర్ణయం చూపించింది. అంతవరకు బ్యుప్రెనార్ఫిన్ రాయాలంటే డాక్టర్లకు ప్రత్యేక అనుమతి కావాలి. దాన్ని అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఎత్తేసింది. రాయగలిగే డాక్టర్ల సంఖ్య పెరిగింది. మందు అందుకునేవాళ్ల సంఖ్య మాత్రం ఆశించినంత పెరగలేదు. చట్టం అడ్డు తొలగినా జంకు తొలగలేదు. ‘ఇలాంటి పేషెంట్లు నా క్లినిక్‌కు వస్తే మిగతావాళ్లు రారేమో’, ‘మొదటి డోసు ఎప్పుడివ్వాలో తేడా వస్తే విత్‌డ్రాయల్ (మత్తు ఆగినప్పుడు వచ్చే బాధ) ఇంకా ముదురుతుందేమో’ అనే టెన్షన్ డాక్టర్లది. ఆ భయం జీవోలతో పోదు. పక్కన ఒక అనుభవజ్ఞుడు ఉండి నాలుగు కేసులు దాటిస్తేనే పోతుంది.

ఇక ఫోన్ సంగతి. కొండ మలుపుల్లో వీడియో కాల్ నిలబడదు. పేద కుటుంబాలకు నెలకు 30 డాలర్ల ఇంటర్నెట్ సాయం ఇచ్చిన పథకం, 2 కోట్ల 30 లక్షల కుటుంబాలు ఆధారపడ్డాక, నిధుల్లేక 2024 జూన్‌లో ఆగిపోయింది. కోవిడ్ సమయంలో డాక్టరును నేరుగా కలవకుండానే, మామూలు ఫోన్‌లో మాట్లాడి కూడా బ్యుప్రెనార్ఫిన్ మొదలుపెట్టే వెసులుబాటు ఇచ్చారు. అలా చికిత్స మొదలుపెట్టినవాళ్లు దానిలో నిలబడే అవకాశం, బతికి బయటపడే అవకాశం మెరుగ్గా ఉన్నాయని మెడికేర్ లబ్ధిదారుల మీద జరిగిన అధ్యయనాలు చెప్పాయి. మొదటి ఆరు నెలల మందును ఫోన్ మీదే రాయొచ్చన్న నిబంధనను 2025 జనవరిలో ఖరారు చేసి, అమలు తేదీని రెండుసార్లు వాయిదా వేశారు. వెసులుబాటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియకపోతే ఏ పల్లె క్లినిక్ మనుషుల్ని ఉద్యోగంలో పెట్టుకుంటుంది?

మందు పక్కదారి పడుతుందన్న భయం వట్టిది కాదు. ఆన్‌లైన్ వైద్యం పేరిట అడెరాల్ అనే ఉత్తేజక మాత్రలను ఇష్టారాజ్యంగా రాసిన ఒక కంపెనీ మీద 2024లో క్రిమినల్ కేసు పెట్టారు. దానికి విరుగుడు తెరకు ఇవతల నర్సును పెట్టడమే. మూత్రపరీక్ష చేసేది, మాత్రలు లెక్క చూసేది, ముఖం చూసి అబద్ధం పసిగట్టేది ఆమే. మరణాలు తగ్గుతున్నాయి కదా, ఇంకా నిధులెందుకు అనేవాళ్లూ ఉన్నారు. 2023లో లక్ష దాటిన ఓవర్‌డోస్ మరణాలు 2024లో సుమారు 80 వేలకు తగ్గిన మాట నిజం. రోజుకు రెండు వందల మందికి పైగా పోతుంటే అది చేతులు దులుపుకునే సంఖ్యా?

డబ్బు లేదనడానికీ లేదు. మాత్రల తయారీ, పంపిణీ కంపెనీలు, ఫార్మసీలు కోర్టు రాజీల కింద ఏళ్ల మీద కట్టాల్సిన మొత్తం 5 వేల కోట్ల డాలర్లు దాటింది. కొన్ని కౌంటీలు అందులోంచి పోలీసు వాహనాలు కొన్నాయి. వ్యవసాయ శాఖ గ్రాంటు కోరే సంస్థ 15 శాతం తన వాటాగా పెట్టాలి. మూతపడే స్థితిలో ఉన్న పల్లె ఆస్పత్రికి అదే పెద్ద గుదిబండ. ఆ 15 శాతాన్నీ, నర్సు జీతాన్నీ రాష్ట్రాలు ఈ రాజీ సొమ్ము నుంచి ఇవ్వాలి. ఆ ఊళ్లను ముంచి సంపాదించిన సొమ్ము ఆ ఊళ్లకే తిరిగి రావడం కన్నా న్యాయం ఏముంటుంది?

ఆ ఊళ్లతో మనకూ చుట్టరికం ఉంది. డాక్టర్లు దొరకని కౌంటీల్లో మూడేళ్లు పనిచేస్తే, శిక్షణ అయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న జే-1 వీసా షరతు నుంచి మినహాయింపు ఇచ్చే కాన్రాడ్-30 పథకం కింద అక్కడికెళ్లినవాళ్లలో గుంటూరు, కర్నూలు, వరంగల్ కాలేజీల్లో చదివిన తెలుగు డాక్టర్లూ ఉన్నారు. ఎకో పాఠాలు వినాల్సిన పల్లె డాక్టర్లలో వాళ్లూ భాగమే. విదేశాల నుంచి వచ్చేవాళ్ల కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు పెట్టిన 2025 సెప్టెంబరు ఉత్తర్వు, బయటి నుంచి డాక్టర్లను రప్పించుకునే ఇలాంటి ఆస్పత్రుల మీదా పడుతుంది. ఒక చేత్తో టెలిమెడిసిన్‌కు గ్రాంటిచ్చి, ఇంకో చేత్తో డాక్టరు రాకుండా తలుపు వేయడం ఏం లెక్క?

సరుకును ఆపి చికిత్సను మరిస్తే ఏమవుతుందో తెలంగాణ కళ్లారా చూసింది. 2015లో కల్తీ కల్లు మీద దాడులు మొదలవగానే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆస్పత్రులు కిటకిటలాడాయి. కల్లులో కలిపే ఆల్‌ప్రాజోలం, డైజోపాం అనే మత్తు మందులు ఒక్కసారిగా ఆగేసరికి మనుషులు ఫిట్స్ వచ్చి పడిపోయారు, లేని మనుషులతో మాట్లాడారు, నాలుకలు కరుచుకున్నారు. ఆ మందు వేరు, అమెరికాను ముంచిన ఓపియాయిడ్ (నల్లమందు తరహా మత్తుమందు) వేరు. కానీ ఆ వారం పల్లె పీహెచ్‌సీలో డ్యూటీలో ఉన్న డాక్టరు పరిస్థితికీ కెంటకీలో డాక్టరు పరిస్థితికీ తేడా లేదు. విత్‌డ్రాయల్‌ను ఎలా దించాలో చెప్పేవారు అందుబాటులో లేరు.

2019లో ఎయిమ్స్ నివేదిక దేశంలో ఓపియాయిడ్ల వల్ల సాయం అవసరమైనవాళ్లు సుమారు 77 లక్షలని తేల్చింది. మన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు మాదకద్రవ్యాల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికొచ్చే మందులను దూరం నుంచి రాయడాన్ని 2020 మార్చి నుంచి నిషేధిస్తున్నాయి. బ్యుప్రెనార్ఫిన్ ఆ కోవలోదే. కనీసం నేరుగా చూసి మొదలుపెట్టిన పేషెంటుకు, నర్సు సమక్షంలో, వీడియోలో కొనసాగింపు మందు రాసే వీలు కేంద్రం కల్పించాలి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఎకో పద్ధతిలో జిల్లా డాక్టర్లకు వ్యసన చికిత్స నేర్పడం ఏళ్ల కిందటే మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ గ్రామ క్లినిక్కుల్లో ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఇ-సంజీవని కాల్ కలిపి పేషెంటు పక్కన కూర్చునే ఎంఎల్‌హెచ్‌పీలు (మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది) ఇప్పటికే ఉన్నారు. తెర ఉంది, మనిషీ ఉన్నారు. నిమ్హాన్స్ పాఠాన్ని వాళ్లదాకా, వాళ్ల పైన ఉన్న పీహెచ్‌సీ డాక్టరు దాకా తీసుకెళ్లడానికి కావలసింది వారానికి ఒక గంట డ్యూటీ సమయం. ఆ గంటను రోస్టర్‌లో రాయించే పని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ ఈ ఏడాదే చేయాలి.