లేచి కూర్చున్నది ఎలుక కాదు, కిడ్నీ

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో నెలకోసారైనా తిరిగొచ్చే మెసేజ్ ఒకటుంది: “అమెరికాలో చచ్చిన ఎలుకను మంచులో గడ్డకట్టించి 100 రోజుల తర్వాత బతికించారు. చావును జయించే రోజు వచ్చేసింది. ఇక మనుషుల వంతు!” మొన్న మా బాబాయి ఫోన్ చేసి “మనిషికి ఎంతవుతుందో కనుక్కోరా” అన్నారు. సగం సరదాకే అయినా, సగం నిజంగానే అడిగారు.

“చచ్చిన ఎలుకను బతికించారు.” లేదు. ఇది మినెసోటా విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ జాన్ బిషాఫ్, అవయవ మార్పిడి సర్జన్ ఎరిక్ ఫింగర్ బృందం 2023లో ప్రచురించిన పని. ఎలుకల నుంచి తీసిన కిడ్నీలను అతిశీతలంలో 100 రోజుల దాకా దాచారు. తర్వాత మామూలు వేడికి తెచ్చి, సొంత కిడ్నీలు తీసేసిన ఐదు ఎలుకలకు అమర్చారు. మొదటి రెండు మూడు వారాలు ఆ కిడ్నీలు తడబడ్డాయి, నెల తిరిగేసరికి కుదుటపడ్డాయి. చచ్చి లేచిన ఎలుక ఇందులో ఒక్కటీ లేదు.

“మంచులో గడ్డకట్టించారు.” అసలు కిటుకే మంచు కట్టకుండా చూడటం. డీప్ ఫ్రీజర్‌లో మరిచిపోయిన టమాటాను బయట పెట్టి చూడండి, కాసేపటికి చితికిపోయి నీరు కారుతుంది. నీళ్లు మంచయితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి. మరేం చేశారు? పంచదార పాకాన్ని గుర్తు తెచ్చుకోండి. తీరిగ్గా వదిలేస్తే పటికబెల్లం, అంటే స్ఫటికం. బాగా ముదరనిచ్చి గబగబా చల్లారిస్తే గాజులా మెరిసే పిప్పరమెంటు బిళ్ల. సరుకు ఒకటే, బిగుసుకునే తీరు వేరు. కిడ్నీ రక్తనాళాల్లోకి రక్షక ద్రావణం ఎక్కించి, మైనస్ 120 డిగ్రీల కన్నా కిందికి వేగంగా దింపితే నీళ్లు కూడా పిప్పరమెంటు దారి పడతాయి. దీన్నే విట్రిఫికేషన్ అంటారు.

“దాచడం వచ్చేసింది, ఇక లేపడమే తరువాయి.” ఆ “లేపడమే” దగ్గరే ఇన్నేళ్లూ పని ఆగిపోయింది. నెమ్మదిగా వేడిచేస్తే దారిలో స్ఫటికాలు పుట్టుకొస్తాయి. బయట ముందు, లోపల వెనక వేడెక్కితే గాజుగ్లాసులా పగులుతుంది. మినెసోటా వాళ్లు ఐరన్ ఆక్సైడ్ నానో రేణువులను, అంటే కంటికి కనిపించనంత చిన్న నలుసులను, ముందే రక్తనాళాల నిండా పంపి, ఆపైన అయస్కాంత క్షేత్రంలో పెట్టారు. రేణువులు ఎక్కడివక్కడే వేడెక్కడంతో కిడ్నీ లోపలా బయటా ఒకేసారి కరిగింది. 2017లో పంది కణజాలం ముక్కల మీద ఈ పద్ధతి పనిచేసింది, ఎలుక కిడ్నీ దాకా రావడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. నా దృష్టిలో ఇది వైద్యం కన్నా ముందు వేడిని పంచే ఇంజినీరింగ్. మెసేజ్‌లో దీని ఊసే లేదు.

“పిండాలను దాస్తున్నారుగా, మనిషినెందుకు దాచలేరు?” న్యాయమైన ప్రశ్నే. గ్లిజరాల్ అనే రక్షక ద్రవం కలిపితే ఫ్రీజ్ చేసిన వీర్యకణాలు బతుకుతాయని 1949లోనే తేలింది, ఫ్రీజ్ చేసిన పిండం నుంచి 1984లో మెల్‌బోర్న్‌లో బిడ్డ పుట్టింది. కానీ ఆ పిండం చుక్కంత. ఎలుక కిడ్నీ సుమారు గ్రాము, మనిషిది 150 గ్రాములు. సైజు పెరిగేకొద్దీ ద్రావణం ఎక్కడం, చల్లబడటం, వేడెక్కడం అన్నీ ఆలస్యమే. ఆ ద్రావణమేమో ఎక్కువసేపు ఉంటే విషం. ఇక నిండు మనిషంటారా, 1967లో అమెరికాలో జేమ్స్ బెడ్‌ఫర్డ్ అనే ఆయన చనిపోయాక శరీరాన్ని గడ్డకట్టించి దాచారు. ఇప్పటికీ అలాగే ఉంది. ఆయన తర్వాత దాచినవాళ్లలోనూ ఎవరూ లేవలేదు. డబ్బు దాచుకోమని బాబాయికి చెప్పాను.

“చావును జయించే” మాట పక్కనపెడితే, ఈ పరిశోధన దేనికో తెలియడానికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. మార్పిడి కోసం తీసిన కిడ్నీ మంచుపెట్టెలో ఒకటిన్నర రోజు ఆగుతుందేమో, గుండె మాత్రం నాలుగైదు గంటలే. అందుకే 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఒక గుండెను నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు మధ్యలో ఎక్కడా ఆపకుండా మెట్రో రైల్లో తీసుకెళ్లారు.