మెట్లు పీకేస్తే గమకం వస్తదా?

నల్లగొండలో మా ఇంటి వెనక గల్లీలో దర్వాజాలు, కిటికీలు చేసే వడ్లాయన ఒకాయన ఉన్నాడు. రెండేళ్ల కింద ఎండాకాలంలో ఇంటికి పోయినప్పుడు ఆయన దగ్గరికి ఒక పాత బేస్ గిటార్ (పాట కింద లావు స్వరాలు పలికే గిటార్) తీసుకుపోయి, దీని మెడ మీద అడ్డంగా ఉన్న కమ్మీలు, ఈ 20 మెట్లూ పీకెయ్యాలి, పీకినచోట సన్నటి కట్టె చీలికలు దించి పైన నున్నగా చెయ్యాలి అని చెప్పాను. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "మంచిగనే ఉన్నది గద తమ్మీ, ఎందుకు పీకుడు?" అన్నాడు. నేను వయొలిన్ అన్నాను, గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) అన్నాను, అమెరికాలో పెద్ద పెద్దోళ్లు ఇట్లనే వాయిస్తరన్నా అని కూడా అన్నాను. అంతా ఓపిగ్గా విని, బీడీ ఆర్పేసి, "సరే మరి. పీకినంక మళ్ల పెట్టుమంటే మాత్రం నాతోని కాదు" అన్నాడు.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, మన సంఘంలో ఈ మధ్య ముగ్గురు నలుగురు పిల్లలు బేస్ నేర్చుకుంటామని తయారయ్యారు. సంతోషం, ఇన్నేళ్లుగా స్టేజీ మీద ఆ మూల నేనొక్కణ్నే నిలబడి ఉన్నాను. అయితే వాళ్ల అమ్మానాన్నల్లో ఇద్దరు నన్ను భోజనాల లైన్లో పట్టుకుని ఒకటే ప్రశ్న అడిగారు: "ఫ్రెట్‌లెస్, అదే మెట్లు లేని బేస్, కొనమంటారా అన్నా? మన సంగీతానికి అదే కరెక్టంట కదా, గమకాలు పలుకుతాయంట." చేతిలో ప్లేటు, వెనక ముప్పై మంది, అక్కడ చెప్పలేకపోయాను, ఇక్కడ చెప్తున్నాను. కొనకండి. ఇప్పుడే కొనకండి. మన సంగీతానికి అదే కరెక్టు అన్న మాటలో సగం కూడా నిజం లేదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఫ్రెట్ అంటే మెట్టు, వీణ మీద ఉండేదే. వేలు కొంచెం అటూ ఇటూ పడ్డా తీగ మెట్టు దగ్గరే ఆగుతుంది కాబట్టి స్వరం సరిగ్గానే పలుకుతుంది. ఫ్రెట్‌లెస్‌లో ఆ మెట్లుండవు, మెడ అంతా ఉట్టి చెక్క, వేలు పడ్డచోటే స్వరం. వేలు తప్పితే స్వరమూ తప్పుతుంది.

ఫ్రెట్‌లెస్ అంటే పైక్లాసు వాద్యం, మెట్లున్నది చిన్నపిల్లలది అని ఒక అభిప్రాయం మనవాళ్లలో పాతుకుపోయింది. నిజానికి కథ తిరగేసి ఉంది. మొదట ఉన్నది నిలబెట్టి వాయించే డబుల్ బేస్, మనిషికంటే ఎత్తు, దానికి మెట్లు లేవు. 1951లో అమెరికాలో గిటార్లు తయారుచేసే లియో ఫెండర్ మెట్లు పెట్టి, గిటార్‌లా మెడకు తగిలించుకునే బేస్ తెచ్చి దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టాడు. మెట్లున్నాయి కాబట్టి స్వరం గురి తప్పదని ఆ పేరు. తర్వాత 1966లో ఆంపెగ్ కంపెనీ మెట్లు లేని బేస్ గిటార్‌ని అమ్మకానికి పెట్టింది, కానీ నాలాంటి వాళ్లందరికీ పిచ్చెక్కించింది మాత్రం అమెరికా బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్. 1976లో ఆయన మొదటి ఆల్బమ్ వచ్చింది. ఆయన చేతిలో ఉన్నది 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్, మెట్లు పీకేసి, సందులు పూడ్చి, చెక్క అరగకుండా పైన పడవలకు పూసే ఎపాక్సీ (ఆరితే రాయిలా గట్టిపడే పూత) పూసింది. నల్లగొండ గల్లీలోకి నేను పట్టుకుపోయిన జబ్బు ఆయన దగ్గర అంటుకున్నదే.

పీకడం అనుకున్నంత సులువు కాదు. ఒక్కో మెట్టు మీద సోల్డరింగ్ ఐరన్ కాసేపు ఆనించి వేడి చెయ్యాలి, లోపలి జిగురు మెత్తబడ్డాక కటింగ్ ప్లేయర్ పళ్లని మెట్టు కిందికి దూర్చి ఒక కొసనుంచి మెల్లగా లేపుకుంటూ రావాలి. తొందరపడితే మెట్టుతోపాటు చెక్క పెచ్చు కూడా లేస్తుంది. మాకు రెండుచోట్ల లేచింది. వడ్లాయన ఏమీ కంగారు పడకుండా ఆ పెచ్చులు మళ్లీ అక్కడే కూర్చోబెట్టి, టేకు పొట్టు చల్లి, ఫెవిక్విక్ చుక్కేసి రుద్దేశాడు. ఆ సందులు అర మిల్లీమీటరు కంటే కొంచెం వెడల్పు, అంతే. వాటిలోకి సరిపోయేలా ఏదో దర్వాజా చెక్కనుంచి టేకు చీలికలు తీసి దించాడు, నల్లటి చెక్క మీద 20 పసుపు గీతలు, చూడటానికి మాత్రం ముచ్చటగా వచ్చింది. సాయంత్రానికి తీగలు ఎక్కించి మొదటి స్వరం వాయించాను. ఆ 'మ్‌వా' అనే శబ్దం వచ్చింది. పెదాలు మూసుకుని మొదలుపెట్టి నెమ్మదిగా తెరిచినట్టు ఉంటుందది. తీగ మెట్టు మీద కాకుండా చెక్క మీదే పడుకుని, దానికి సన్నగా రాసుకుంటూ ఊగడం వల్ల పై స్వరాలు ఒక్కసారిగా కాకుండా విచ్చుకుంటూ వస్తాయి. ఒళ్లు జలదరించింది, అబద్ధం చెప్పను.

మర్నాడు మా కాక వచ్చాడు. కాక రామాలయం భజనల్లో హార్మోనియం వాయిస్తాడు, ఏ బడిలోనూ నేర్చుకోలేదు. నేనేదో మోహన రాగంలో పైకీ కిందికీ జారుతుంటే కాసేపు విని, "గాంధారం కారుతున్నదిరా" అన్నాడు, అంటే 'గ' ఉండాల్సిన చోటుకంటే కింద పలుకుతోందని. నేను ఊరుకుంటానా, నీ హార్మోనియంలో గాంధారమే 14 సెంట్లు ఎక్కువ కాకా, తంబూరలోంచి దానంతటదే పలికే అంతర గాంధారం ఇదీ అని లెక్చరిచ్చాను. (సెంట్లంటే జాగా కొలత కాదు, అది ఆంధ్రా వైపు లెక్క, మావి గుంటలు. పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరాన్ని 100 భాగాలు చేస్తే ఒక్కోటి ఒక సెంటు.) నేను చెప్పిన లెక్క పుస్తకం ప్రకారం కరెక్టే. కాకపోతే తర్వాత ఫోన్లో ట్యూనర్ పెట్టి చూసుకుంటే నా గాంధారం 30 సెంట్లు కిందుంది. తంబూరదీ కాదు, హార్మోనియందీ కాదు, అది పూర్తిగా నా సొంతం.

ఎందుకు తప్పిందో కనిపెట్టడానికి రెండు రోజులు పట్టింది. మెట్లున్న బేస్‌కి మెడ అంచు మీదుండే చుక్కలు రెండు మెట్ల మధ్యలో ఉంటాయి, ఎందుకంటే వేలు పెట్టేది అక్కడే, మెట్టుకి కొంచెం వెనక. మెట్లు పీకేశాక స్వరం పలికేది మెట్టు ఉండిన గీత మీద. నేను పాత అలవాటుకొద్దీ చుక్కల్ని చూసి వాయిస్తున్నాను, అంటే ప్రతిసారీ కిందికే. మా మేనకోడలు వైట్‌నర్ తెచ్చి గీతల దగ్గర కొత్త చుక్కలు పెట్టింది, సగం నయమైంది. మిగతా సగానికి కాక రోజూ పొద్దున హార్మోనియంలో షడ్జమం, అంటే 'స', నొక్కిపెట్టి పేపర్ చదువుకునేవాడు, నేను దాని మీద వాయించేవాణ్ని.

ఫ్రెట్‌లెస్ చెవికి శిక్షణ ఇస్తుంది అనే మాట నేను నమ్మనిది అక్కడే. చెవికి శిక్షణ ఇచ్చింది కాక షడ్జమం. పక్కన శ్రుతి లేకుండా ఫ్రెట్‌లెస్ మీద రోజుకు రెండు గంటలు కూర్చున్న పిల్లాడు తప్పుడు చోటుని కూడా అంతే గట్టిగా నేర్చుకుంటాడు, ఆ తర్వాత దాన్ని వదిలించడం ఎవరి తరమూ కాదు. లెక్క చూడండి. బేస్ తీగ పొడవు 34 అంగుళాలు, అంటే దాదాపు 86 సెంటీమీటర్లు. మెడ మొదట్లో వేలు ఒక మిల్లీమీటరు తప్పితే స్వరం 2 సెంట్లు తప్పుతుంది, సగం తీగ దగ్గరికి వచ్చేసరికి అదే మిల్లీమీటరుకు 4 సెంట్లు. పదేళ్ల పిల్లల వేళ్లు మొదటి రెండు మెట్ల మధ్య దూరం అందుకోవడానికే ఆపసోపాలు పడతాయి, వాళ్లని మిల్లీమీటర్లు కొలవమంటామా?

ఇక గమకం. వీణకు 24 మెట్లున్నాయి, మైనం మీద కూర్చోబెట్టినవి, గమకం లేదని ఎవరైనా అంటారా? తీగని పక్కకి లాగి పలికిస్తారు. పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ మెట్లున్న ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే కచేరీలు చేశాడు. అంతదాకా ఎందుకు, మన పాలమూరు వైపే చూడండి. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది కదా, ఆయన భుజాన ఉండే వాద్యం పేరే 12 మెట్ల కిన్నెర. ఆ మెట్ల మీదే పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ మొత్తం నడుస్తుంది, గొంతు ఎటు పోతే కిన్నెర అటు పోతుంది. మెట్లున్నాయి కాబట్టి పాటకేదో తక్కువైందని నాకైతే ఎప్పుడూ అనిపించలేదు. (మహబూబ్‌నగర్‌లో ఒక ఏరియా పేరే మెట్టుగడ్డ, దానికీ దీనికీ ఏం సంబంధం లేదు, రాస్తుంటే గుర్తొచ్చింది.)

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. వీణ తీగని లాగినట్టు బేస్ తీగని లాగలేం. అన్నిటికంటే లావు తీగ రెండున్నర మిల్లీమీటర్ల పైనే ఉంటుంది, దాన్ని పక్కకి లాగి స్వరం మార్చాలంటే వేలు ఊడొస్తుంది తప్ప గమకం రాదు. సన్న తీగ మీద కొంత సాధ్యం. కాబట్టి బేస్ మీదే రాగం వాయిస్తాను, పాట వాయిస్తాను అనేవాడికి ఫ్రెట్‌లెస్ నిజంగా అవసరం, వాడితో నాకు పేచీ లేదు. కానీ మన ప్రోగ్రాముల్లో బేస్ చేసే పని ఏంటి? పాటకింద షడ్జమం, పంచమం ('స', 'ప') వాయించడం, తాళంతో అడుగు కలపడం. పంచమంలో కీబోర్డుకీ తంబూరకీ తేడా 2 సెంట్లు, అది ఏ చెవికీ పట్టదు. అంటే ఫ్రెట్‌లెస్ వల్ల వచ్చే లాభం మనం వాయించని చోట ఉంది, నష్టం మాత్రం రోజూ వాయించే చోట ఉంది.

ఆ నష్టం నేను అందరి ముందూ చూశాను. ఒక బతుకమ్మ ప్రోగ్రాంలో పోజు కొట్టాలని ఫ్రెట్‌లెస్ తీసుకుపోయాను. పాట మొదలవగానే లైట్లు ఆర్పేశారు, చుక్కలు కనపడలేదు. రెండో చరణంలో నా పక్క మానిటర్ (వాయించేవాళ్లకు వినపడేలా పెట్టే స్పీకర్) పోయింది, నేను వాయించేది నాకు వినపడలేదు. మెట్లున్న బేస్ అయితే కళ్లు మూసుకునైనా గట్టెక్కేవాణ్ని. పాడుతున్న అమ్మాయి ఒక్కసారి వెనక్కి తిరిగి నావైపు చూసింది. కోపం కాదు, అయ్యో పాపం అన్నట్టు చూసింది, అదే ఎక్కువ తగిలింది. మిగతా పాటంతా ఎక్కడా వేలు నొక్కకుండా ఉత్త తీగలు మాత్రమే మీటుతూ కానిచ్చాను.

అందుకని పిల్లలకు మామూలు మెట్లున్న నాలుగు తీగల బేస్ కొనండి. రెండేళ్లు తాళం కుదరనివ్వండి, రెండేళ్లయ్యాక కూడా వాడికి ఆ 'మ్‌వా' శబ్దం కల్లోకి వస్తుంటే అప్పుడు మాట్లాడుకుందాం. గీతలున్న ఫ్రెట్‌లెస్సే తీసుకోండి, నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వెయ్యండి, గరుకు తీగలు చెక్కని ఆకురాయిలా తినేస్తాయి. ఫోన్లో తంబూర యాప్ లేకుండా ముట్టుకోనివ్వకండి. నాదైతే ఇంట్లోనే ఉంటుంది, రాత్రి పిల్లలు పడుకున్నాక తీస్తాను, దాన్ని వదులుకోమంటే వదులుకోను.

మొన్న వేసవిలో నల్లగొండ పోయినప్పుడు వడ్లాయన కనిపించాడు. "ఏమైంది తమ్మీ, మెట్లు కావాల్నా?" అంటూ, నేనేమీ అడగకముందే మేకుల డబ్బా బోర్లించాడు. రెండేళ్లుగా దాచిపెట్టాడట, ఎప్పటికైనా అడుగుతానని. లెక్కపెడితే 18 ఉన్నాయి. ఇంకో రెండు ఏవన్నా అంటే, ఒక కిటికీ రెక్క ఒదులైతే సందులో పెట్టిండట.