మూకీ డిస్కులను కాపాడుకుందాం

1920ల చివర్లో టాకీలు వచ్చి మూకీలను మింగేశాయి. అప్పటి నుంచి ఆ కళను పట్టించుకున్న నాథుడు లేడు. ఆ లోటు తీరుస్తున్నది మనలాంటి సామాన్యులే. ఒక వీడియో ఫైలు, ఒక ఖాళీ డీవీడీ, చేతికందిన కన్వర్టర్ ఏదో ఒకటి ఉంటే చాలు, సాయంత్రానికల్లా మూకీ సిద్ధం. బొమ్మ కదులుతుంది, పెదాలు ఆడతాయి, మాట మాత్రం బయటికి రాదు. ఇంత గొప్ప కుటీర పరిశ్రమ ఇవాళ ప్రమాదంలో పడింది. ఆడియో కోడెక్ (శబ్దాన్ని కుదించి దాచే, తిరిగి విప్పే పద్ధతి) గొడవను ఎలా తీర్చుకోవాలో జనం నేర్చేసుకుంటున్నారు. అందుకే ఈ హెచ్చరిక.

ముందు నా అర్హత చెప్పుకోవాలి. నా తొలి మూకీ మా పాప పాడిన పాట. ఫోన్‌లో తీసి, మార్చి, డిస్కు మీద రాశాను. ‘విజయవంతంగా పూర్తయింది’ అని సాఫ్ట్‌వేర్ పచ్చ టిక్కు పెట్టింది. (విజయం ఎవరిదో అది చెప్పదు, మనమూ అడగం.) అందరం టీవీ ముందు కూర్చున్నాం. పాప నోరు తెరిచింది, మూసింది, చేయి తిప్పింది, చివర్లో తనకు తనే చప్పట్లు కొట్టుకుంది. అవీ వినపడలేదు. “సౌండ్ పెంచరా” అంది మా అమ్మ. పెంచాను. వంద దాకా తీసుకెళ్లాను. స్పీకర్ల నుంచి సన్నగా ‘స్‌స్‌’ అని వచ్చింది. అప్పుడే ఎవరి చేయో తగిలి ఛానల్ మారింది. వార్తలు చదివే ఆవిడ అరిచిన అరుపుకి కిటికీ అద్దాలు అదిరాయి.

ఆ అనుభవంతో చెబుతున్నాను. మూకీ తీయాలంటే మొట్టమొదట ఫైలు పేరును గుడ్డిగా నమ్మాలి. ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అనేవి డబ్బాల పేర్లు. లోపలి శబ్దం ఏఏసీ కావచ్చు, ఎంపీ3 కావచ్చు, ఓపస్ కావచ్చు. పేరు గంగాభవాని, తాగబోతే నీళ్లు లేవు. మీడియాఇన్ఫో అని ఉచిత ప్రోగ్రాం ఒకటి తిరుగుతోంది. ఫైలును దాని మీదికి లాగితే ఆడియో ఏ రకమో, ఎన్ని ఛానళ్లో, సాంప్లింగ్ రేటు (సెకనుకు తీసే శబ్దపు నమూనాల లెక్క) ఎంతో అంతా కక్కేస్తుంది. అలాంటి చాడీకోరును కంప్యూటర్లోకి రానివ్వకండి.

మనకు అండగా నిలిచేది డీవీడీ ప్లేయర్. అది 1990ల మధ్యలో రాసుకున్న నియమాలను ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా పాటించే ఛాందసుడు. డీవీడీ వీడియోలో దానికి సమ్మతమైన శబ్దాలు ఏసీ-3 అనే డాల్బీ డిజిటల్, ఎల్‌పీసీఎం, ఎంపీ2, డీటీఎస్. అంతే. ఫోన్లు ఏఏసీలో రికార్డు చేసుకుంటే అది వాటి ఖర్మ. ఇంకా విచిత్రం, ఎంపీ2కి లోపల పీట వేస్తారు గానీ దాని తమ్ముడు ఎంపీ3ని గడప తొక్కనివ్వరు. పాటల డిస్కు పెడితే అదే ఎంపీ3ని హాయిగా పాడే ప్లేయర్లు చాలా ఉన్నాయి. బొమ్మ చేయి పట్టుకుని వస్తే మాత్రం ముఖం చూడవు.

పూర్తి మూకీ చేతకానివాళ్లు నిరాశపడనక్కర్లేదు, చిన్న చిన్న మార్గాలు ఉన్నాయి. డీవీడీకి మామూలుగా సెకనుకు 48,000 నమూనాలు కావాలి. పాటల సీడీలో ఉండేవి 44,100. లెక్క మార్చకుండా ‘48,000’ అని చీటీ అంటించేస్తే పాట ఎనిమిది శాతానికి పైగా పరుగెత్తుతుంది, గంభీరమైన గొంతు కూడా కీచుమంటుంది. ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేమ్ రేటును, అంటే సెకనుకు తీసే బొమ్మల లెక్కను, పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. కన్వర్టర్ అది గమనించకపోతే మొదట్లో బాగానే ఉన్నట్టుంటుంది, పోనుపోను మనిషి నోరు మూసుకున్నాక మాట వస్తుంది. ముందే స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకునే పిరికివాళ్లకు ఈ ఆనందం దక్కదు.

నా ఓటు మాత్రం ఆరు స్పీకర్లకు శబ్దాన్ని విడదీసి పంపే 5.1 ఛానళ్లకు. సినిమాల్లో మాటలు ఎక్కువగా మధ్య ఛానల్లో ఉంటాయి. స్టీరియోలోకి సరిగ్గా కలపకుండా కుడి ఎడమలను మాత్రం ఉంచుకుంటే తలుపు చప్పుడు, వాన, వయొలిన్లు అన్నీ వినిపిస్తాయి. హీరో ఏం చెప్పి ఏడుస్తున్నాడో మాత్రం తెలియదు. కొన్ని సినిమాలు దీనివల్ల బాగుపడ్డాయి కూడా.

డీవీడీ ప్లేయర్ మూగబోతే కంప్యూటర్లో కోడెక్ ప్యాకులు నింపేవాళ్లంటే నాకు ప్రత్యేక గౌరవం. పక్కింటాయన కళ్లజోడు మార్చుకుంటే మన చూపు మెరుగవుతుందన్నంత నమ్మకం వాళ్లది. డిస్కును కంప్యూటర్లోనే పరీక్షించడం కూడా మంచి అలవాటు. అక్కడి ప్లేయర్లు ఏది పెట్టినా పాడే దయామయులు, మీ తప్పు బయటపడదు.

ఇక ద్రోహుల సంగతి. వీళ్లు శబ్దాన్ని ఏసీ-3లోకి, 48,000 హెర్ట్జ్‌కి మారుస్తారు. స్టీరియోకి సెకనుకు 192 కిలోబిట్లు, 5.1 అయితే డీవీడీ గరిష్ఠ హద్దు 448 పెడతారు. ఫైళ్లు మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాంకి, టీవీ పద్ధతిని బట్టి పాల్ డీవీడీ కావాలనో ఎన్‌టీఎస్‌సీ డీవీడీ కావాలనో ఒక్క ముక్క చెబితే బొమ్మను ఎంపెగ్-2కి, శబ్దాన్ని ఏసీ-3కి అదే మార్చి పెడుతుంది. ఏసీ-3 పేటెంట్ల గడువు కూడా 2017లోనే తీరిపోయింది, లైసెన్సు ఖర్చు అని వంక పెట్టడానికి లేదు. ఆ తర్వాత ఫైలును ఊరికే డిస్కులో పడేయకుండా, డీవీడీ రూపంలో అమర్చే ఆథరింగ్ ప్రోగ్రాంతో, ప్లేయర్ వెతికే వీడియో_టీఎస్ ఫోల్డర్ తయారు చేయిస్తారు. పైగా చెరిపి రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్కు మీద ఐదు నిమిషాల ముక్క రాసి, అసలు ప్లేయర్లోనే పెట్టి వింటారు. ఇంత కుట్ర అవసరమా?

అవసరమే అంది మా పాప. పోయిన ఆదివారం పాత ఫైలు వెతికి, పైన చెప్పిన ద్రోహాలన్నీ వరసగా చేసి, డిస్కు తెచ్చి పెట్టింది. మళ్లీ అందరం కూర్చున్నాం. మొదటి చరణం నుంచే శబ్దం వచ్చింది. పాట కంటే గట్టిగా నా గొంతు. “ఇటు చూడమ్మా... ఆ, నవ్వు... చేయి తిప్పు... అలా కాదు, మళ్లీ తిప్పు... ఇంతకీ రికార్డవుతోందా ఇది?”

“సౌండ్ తగ్గించరా” అంది మా అమ్మ.