ఆడి చూసింది ఇక్కడ, కొన్నది ఆన్‌లైన్‌లో

విజయనగరంలో గంటస్తంభం దగ్గరి సందుల్లో, ఒక మేడ మీద, బోర్డు గేముల షాపు నడుస్తోంది. ప్రచారం అనుకుంటారని పేరు రాయడం లేదు. చిన్న గది, గోడల పొడవునా అరల నిండా పెట్టెలు, మధ్యలో రెండు బల్లలు. ఒక మూల ప్లాస్టిక్ మోడల్ కిట్లు, వాటికి వేసే రంగు సీసాలు, సన్నటి బ్రష్‌లు, ఇరవై ముఖాల పాచికలు. కొనకపోయినా కూర్చోబెట్టి ఆడిస్తారు. అలాంటి షాపుతో మనవాళ్లు ఎలా ప్రవర్తిస్తున్నారో చూశాక ఈ పోస్టు రాయకుండా ఉండలేకపోయాను.

మొన్న శనివారం ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. షాపు కుర్రాడు వాళ్ల ముందు పాండెమిక్ ఆట పరిచాడు. 2008లో మ్యాట్ లీకాక్ అనే అమెరికన్ తెచ్చిన ఆట అది. అందులో ఒకరినొకరు ఓడించుకోవడం ఉండదు, అందరిదీ ఒకే జట్టు. ప్రపంచ పటం మీద నాలుగు రోగాలు పాకుతుంటాయి. అవి చెయ్యి దాటిపోయేలోపు నాలుగింటికీ మందు కనిపెట్టాలి. గెలిస్తే అందరూ గెలిచినట్టే, ఓడితే అందరూ ఓడినట్టే. గంటన్నర పాటు ఆ నలుగురికీ వేరే లోకం లేదు. "నాన్నా, నువ్వు చెన్నై వదిలెయ్, ముందు కోల్‌కతా చూడు" అని చిన్నపిల్ల ఒకటే అరుపులు. ఆట అయ్యాక ఆయన పెట్టెకి ఫోటో తీసి, అక్కడే ఫోన్‌లో ధర చూసి, "ఆన్‌లైన్‌లో మూడొందలు తక్కువుంది బాబూ" అని లేచి వెళ్లిపోయారు. కుర్రాడు ఏమీ అనలేదు. కార్డులు రంగుల వారీగా వేరుచేసి, చిన్న చిన్న ముక్కలు లెక్కపెట్టి కవర్లలో వేసుకుంటున్నాడు. నాకు మాత్రం కడుపు మండిపోయింది.

ఆ మూడొందలు దేనికో ఆలోచించండి. ఈ ఆటల రూల్ బుక్కులు పేజీలకి పేజీలు ఇంగ్లీషులో ఉంటాయి. పెట్టె ఇంటికి తెప్పించుకుని, ఒక సాయంత్రమంతా వాటితో కుస్తీ పట్టి, చివరికి అటకెక్కించినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఇక్కడ అదే ఆట పది నిమిషాల్లో తెలుగులో చెప్పి, మొదటి రౌండు పక్కనే కూర్చుని ఆడిస్తాడు. మనం ఆడే పెట్టెలు అతను సొంత డబ్బు పెట్టి విప్పినవి, వాటిని మళ్లీ కొత్తవాటిలా అమ్ముకోలేడు. అద్దె, కరెంటు, మనం ఫ్యాను కింద కూర్చున్న గంటలు, అన్నీ అమ్మిన పెట్టె మీద మిగిలే ఆ కాస్త లాభంలోంచే రావాలి.

ఆటలు దండగ అనే తల్లిదండ్రులు ఒక్కసారి కటాన్ ఆడుతున్న బల్ల దగ్గర నిలబడి చూడాలి. క్లాస్ టాయ్‌బర్ అనే జర్మన్ డెంటల్ ల్యాబ్ నడుపుకుంటూ తయారుచేసిన ఆట, 1995లో వచ్చింది. 19 పలకలు పేర్చి ఒక దీవి చేస్తారు. రెండు పాచికలు వేసినప్పుడు ఏ అంకె వస్తే, ఆ అంకె ఉన్న పలక పక్కన ఇల్లు కట్టినవాళ్లకి కలపో, ఇటుకలో, గొర్రెలో, గోధుమలో, ఖనిజమో దక్కుతాయి. లేనివాటి కోసం పక్కవాళ్లతో బేరమాడుకోవాలి. ఆ బల్ల దగ్గర ఇంటర్ చదివే ఒక అమ్మాయి, 6, 8 మాత్రం ఎర్ర రంగులో ఎందుకున్నాయని అడిగింది. కుర్రాడు జవాబు చెప్పకుండా కాగితం, పెన్ను చేతికిచ్చాడు. రెండు పాచికలు 36 రకాలుగా పడొచ్చు. వాటిలో 7 వచ్చేవి ఆరు, 6 వచ్చేవి అయిదు, 8 వచ్చేవి అయిదు, 2కీ 12కీ ఒక్కొక్కటే. తనే రాసుకుని తేల్చింది. 7 పడితే ఎవరికీ ఏమీ రాదు, దొంగ దిగుతాడు. అందుకని ఇల్లు కట్టేది 6, 8 పక్కనే! కాలేజీలో బట్టీ పట్టించే ప్రాబబిలిటీ ఆ పిల్లకి గొర్రెల బేరంలో తలకెక్కింది. తెల్లారకముందే లేపి రాత్రి దాకా స్టడీ అవర్స్ అని పిల్లల్ని కట్టిపడేసే ఊళ్లో ఇలాంటి బల్ల ఒక్కటైనా ఉండాలి కదా.

ఇక "అక్కడ పేకాట ఆడిస్తారట" అనే గుసగుసలు. ఇది నాకు ఇంకా బాధ. రమ్మీ యాప్‌లలో డబ్బు పోగొట్టుకున్న ఇళ్లు నాకూ తెలుసు, ఆ భయం అర్థమవుతుంది. మన రాష్ట్రం ఆన్‌లైన్ జూదాన్ని 2020లోనే నిషేధించింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద కేంద్రం 2025లో చట్టం తెచ్చింది. మంచి పని. ఈ బల్ల మీద మాత్రం పందెం అనే మాటే లేదు, రూపాయి కనపడదు. పిల్లాడు గదిలో తలుపేసుకుని ఫోన్‌లో మునిగితే పట్టించుకోని వాళ్లు, పదిమంది మధ్య కూర్చుని ఆడితే అనుమానిస్తారెందుకు?

అయినా కూర్చుని ఆడే ఆటలు మనకేం కొత్త కాదు. అష్టాచెమ్మా, వామనగుంటలు, దాడి, అరుగుల మీద అన్నీ ఆడినవాళ్లమే. పులి-మేక చూడండి. ఒకరికి మూడు పులులు, ఇంకొకరికి పదిహేను మేకలు. పులులు దూకి మేకల్ని చంపాలి, మేకలన్నీ కలిసి పులుల్ని కదలకుండా కట్టెయ్యాలి. ఇద్దరి బలాలూ వేరు, ఎత్తులూ వేరు, అయినా ఎవరైనా గెలవొచ్చు. ఇప్పటి గేమ్ డిజైనర్లు కష్టపడి సాధించే ఈ గుణం పాత గుడి మండపాల బండల మీద గీసిన ఆటలో ఎప్పుడో ఉంది. అందుకే షాపు కుర్రాడికి నాదొక విన్నపం: ఆ అరలో పులి-మేక కూడా పెట్టు తమ్ముడూ. ఏటికొప్పాక లక్క పనివాళ్లతో పులులూ మేకలూ చేయిస్తే జర్మనీ పెట్టెల పక్కన దర్జాగా నిలబడతాయి.

2025 సెప్టెంబరులో బోర్డు గేముల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కూడా. పెద్ద పెట్టె కొనే స్తోమత లేకపోతే కార్డులకి తొడిగే కవర్లు కొనండి, పాచికల జత కొనండి, పిల్లల పుట్టినరోజుకి ఒక మోడల్ కిట్ కొనండి. ఏదీ కొనలేకపోయినా పర్వాలేదు, వెళ్లి ఆడండి. అంతేగానీ అంతసేపు ఆడించిన మనిషి ఎదురుగా ఫోన్ తీసి ధరలు పోల్చకండి.

ఈ ఆదివారం సాయంత్రం అయిదింటికి కటాన్ బల్ల దగ్గర ఉంటాను. నలుగురు ఆడొచ్చు, ప్రస్తుతానికి ఇద్దరం ఉన్నాం.