శాలువా ఒకరికి, స్పానర్ ఒకరికి

మొన్న ఉగాదికి మన సంఘం హాల్లో పంచాంగ శ్రవణం అయ్యాక, రేసు కారు నడిపే మన కుర్రాడికి శాలువా కప్పారు. బాగా నడుపుతాడు, కప్పాల్సిందే. తన కారు చూసుకునేది నేనేనని వాడే మైకులో చెప్పాడు. నాలుగు చప్పట్లు పడ్డాయి. తర్వాత భోజనాల్లో పులిహోర కలుపుకుంటుంటే కమిటీ పెద్దాయన ఒకరు భుజం తట్టి, "మెకానిక్కే కదా బాబూ, నా కారు స్టార్ట్ కావట్లేదు, కాస్త చూస్తావా?" అన్నారు. నాకు యాభై రెండేళ్లు. విస్తరి ముందు నుంచి లేచి వెళ్లాను. బ్యాటరీ టెర్మినల్ లూజ్, అంతే. తిరిగొచ్చేసరికి బొబ్బట్లు అయిపోయాయి.

బొబ్బట్ల కోసం రాయడం లేదు. సరే, కొంత అందుకు కూడా.

2023లో ఖతార్‌లో జరిగిన ఫార్ములా వన్ కార్ల రేసులో మెక్‌లారెన్ జట్టు వాళ్లు 1.8 సెకన్లలో నాలుగు చక్రాలు మార్చిన వీడియో మీరంతా చూసే ఉంటారు. చెన్నై దగ్గర, శ్రీపెరుంబుదూరు పక్కనున్న ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌లో మా పని అలా కనబడదు. కారు ట్రాక్ మీదికి వెళ్లకముందే అది అయిపోవాలి. టైర్లలో గాలి కావాలనే తక్కువ పెడతాం, నాలుగు ల్యాపులకు వేడెక్కి అదే పెరుగుతుంది. మన శ్రీపెరుంబుదూరు ఎండ ఒక పక్క టైర్ల మీదే పడితే ఆ రెండింటి లెక్క తప్పుతుంది. అందుకే వాటికి తడిగుడ్డ కాదు, పొడి దుప్పటి కప్పి కూర్చుంటాను. చంటిపిల్లలకు కప్పినట్టే. చక్రం నట్టును, సరిపడా బిగిసిందని చెప్పే టార్క్ రెంచ్ 'టక్' మనేదాకా బిగించి, పెయింట్ పెన్నుతో గీత గీస్తాం. గీత లేదంటే బిగించలేదనే లెక్క.

ఒకసారి ఆ గీత గీయలేదు. శనివారం, రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలెట్టాలో తేల్చే క్వాలిఫైయింగ్‌కి ముందు. ఇంటి నుంచి ఫోన్. మా చెల్లెలి కూతురికి వచ్చిన సంబంధం వాళ్లు "మేనమామ మెకానిక్ షెడ్డులో పనా?" అని అడిగారట. మాట్లాడుతూనే వెనక ఎడమ చక్రం వదిలేశాను. కుర్రాడు అర ల్యాపులో ఊగుడు పసిగట్టి మెల్లగా తెచ్చేశాడు. ఏమీ అనలేదు. హెల్మెట్ తీసి నా చేతికిచ్చి, మంచినీళ్లు తాగాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

నాకు మూఢనమ్మకాలు లేవు. ఆయుధపూజకు మాత్రం నిమ్మకాయలు ట్రక్కు చక్రాల కిందే పెట్టిస్తాను, రేసు టైర్ల కింద పెట్టనివ్వను. గింజ అంటుకుంటుందని చెబుతాను కానీ, అసలు పూజే మానేయడానికి ధైర్యం చాలదు.

ఈ పనిలో స్థిరమైన రాబడి లేదన్న మనవాళ్ల భయం అబద్ధమనను. సీజన్ ఉంటేనే రాబడి, మిగతా నెలలు వేరే గ్యారేజీలో. నేనే మా అబ్బాయిని బీకాంలో చేర్పించాను. కానీ షోలవరం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు జరిగిన కాలం నుంచీ చెన్నైలో ఈ పని ఉంది. సంఘం ఏటా పెట్టే కెరీర్ గైడెన్స్‌లో సాఫ్ట్‌వేర్, సీఏ తప్ప మరో మాట వినబడదు. ఈసారి అరగంట నాకివ్వండి. లేదా రేసు వారాంతంలో పదిమంది పిల్లల్ని పంపండి. గేటు దగ్గర నేనుంటాను. టోపీలు పెట్టి పంపండి.

పెద్దాయన గారు కూడా రావాలి. బయల్దేరేముందు టెర్మినల్ ఒకసారి బిగించుకుంటే చాలు.