ఇంటిపేరు మొజిల్లా వారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ యూజర్ ఏజెంట్ స్ట్రింగ్ గారికి (అదే, ప్రతి బ్రౌజరూ సైటు గేటు దగ్గర తానెవరో చెప్పుకునే ఆ ఒక్క వరుస మీరే కదా) నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేం క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు లెండి, ముప్ఫై ఏళ్లుగా అబద్ధాలాడుతున్నారని అందరికీ తెలిసీ ఇంకా గేటు దగ్గర మిమ్మల్నే అడుగుతున్నారంటే మీకేం తక్కువ.

మొన్న ఒక ఫీజు కట్టాల్సొచ్చి సైటు తెరిస్తే "మీ బ్రౌజర్ సపోర్ట్ చేయదు, క్రోమ్ వాడండి" అని పెద్ద ఎర్రక్షరాలు. నాది ఫైర్‌ఫాక్స్. ఒక ఎక్స్‌టెన్షన్ వేసి మీ చేత "నేను క్రోమ్‌నే" అనిపించి రీఫ్రెష్ కొట్టా, అంతే, అదే ఫైర్‌ఫాక్సు అదే నేను, ఓటీపీ వచ్చింది డబ్బు కట్ అయింది రసీదు కూడా వచ్చేసింది. ఏం సపోర్ట్ చేయదన్నాడో ఇప్పటికీ అర్థం కాలా.

అప్పుడు అసలు క్రోమ్ తన గురించి ఏం చెప్పుకుంటుందో చూశా. మొజిల్లా/5.0, యాపిల్‌వెబ్‌కిట్/537.36, కేహెచ్‌టీఎంఎల్, లైక్ గెకో, క్రోమ్, సఫారీ/537.36. ఒక్క మనిషికి ఇన్ని ఇంటిపేర్లేంటండీ, ఎంతమందికి దత్తత వెళ్లారు?

తవ్వితే తేలిందేంటంటే 1994లో నెట్‌స్కేప్ బ్రౌజర్ వాళ్లు అప్పటి పెద్ద బ్రౌజర్ మొజాయిక్‌ని మింగేస్తామని మొజిల్లా అని ముద్దుపేరు పెట్టుకున్నారు, సర్వర్లేమో ఆ పేరు చూస్తేనే ఫ్రేముల (తెరని గళ్లుగా పంచే) పేజీ పంపేవి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి ఫ్రేములు వచ్చినా పేరు చూసి పాత పేజీ పడేసేవాళ్లు, దాంతో ఆయనా "మొజిల్లానే, కంపాటిబుల్" అని బ్రాకెట్లో అసలు పేరు దాచుకున్నాడు. ఆ తర్వాత కేహెచ్‌టీఎంఎల్ అనే ఇంజన్ (పేజీని తెర మీద గీసే భాగం) వాళ్లు "మొజిల్లా ఇంజన్ గెకో లాంటోళ్లమే" అన్నారు, దాన్ని తీసుకుని వెబ్‌కిట్‌గా మార్చి యాపిల్ 2003లో సఫారీ కట్టింది, 2008లో క్రోమ్ సఫారీ అనిపించుకుంది, 2013లో వెబ్‌కిట్ నుంచి విడిపోయి బ్లింక్ అనే ఇంజన్‌తో వేరుకాపురం పెట్టినా ఆ వెబ్‌కిట్ నంబర్ 537.36 మాత్రం వదల్లేదు. ఇంటిపేరు కస్తూరివారు అంటారే, అలా.

ఒపెరాది మరీ పాపం. 2009లో పదో వెర్షన్ వస్తే సైట్లు మొదటి అంకె ఒక్కటే చదివి "ఒకటో వెర్షనా, పో" అన్నాయి, అందుకని మీ మొదట్లో 9.80 అని రాసుకుని అసలు నంబర్ చివర పెట్టుకుంది. అంటే వయసు కూడా తగ్గించి చెప్పాల్సొచ్చింది. 2022లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లకి వందో వెర్షన్ వస్తుంటే మళ్లీ అదే కంగారు.

మీ వల్ల ట్రాకింగ్ గాళ్లకి మనిషిని గుర్తుపట్టడం తేలికవుతోందని ఇప్పుడు క్రోమ్ మీ నోరు కుట్టేసింది కదా. విండోస్ 11 అయినా ఎన్‌టీ 10.0 (విండోస్ 10 నంబరే) అంటారు, యాపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌ని ఇంటెల్ అంటారు, ఏ ఫోనయ్యా అంటే "కె" అంటారు. మా తాత ఊరిపేరు అడిగినప్పుడు కూడా ఇంతకన్నా వివరంగా చెప్పేవాడు.

మీ స్థానంలో వచ్చిన క్లయింట్ హింట్స్ (బ్రౌజర్ తన వివరాల్ని విడివిడి ముక్కలుగా చెప్పే కొత్త పద్ధతి) ఇంకా గట్టిది, బ్రౌజర్ల జాబితాలో కావాలనే "ఇది బ్రాండ్ కాదు" లాంటి దొంగపేరు ఒకటి ఇరికిస్తారట, తెలియని పేరు కనిపిస్తే సైట్లు గేటు వేసుకోకుండా అలవాటు పడాలని. పేరు కాదురా, ఆ ఫీచర్ ఉందో లేదో చూసుకోండిరా అని ఎన్నేళ్లు మొత్తుకున్నా వినకపోతే చివరికి అబద్ధాన్నే రూల్ చేసి పెట్టారు.

అన్నట్టు ఆ ఫీజు రసీదు అడుగున చిన్నక్షరాల్లో ఏముందో తెలుసా, "ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చూడగలరు" అని. ఆయన 2022 జూన్‌లోనే రిటైరయ్యాడని కాస్త మీరైనా చెప్పండి, మీ మాటే కదా వింటారు.

ఇట్లు,
మొజిల్లా/5.0 (కంపాటిబుల్, మీ పాత కస్టమర్)